రేడియేటర్లో మజ్జిగ పులుసు

విజయవాడ నుంచి దివిసీమ దాకా మజ్జిగతో కారు నడిపిన మనిషి ఈ జిల్లా మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ నేనే. ఈ మాట పెళ్ళి పందిళ్ళలో చెప్పాను, మంగలి కుర్చీలో గడ్డం కింద కత్తి ఉండగా చెప్పాను, కంటి ఆపరేషనుకి ముందు మత్తుసూది వెయ్యడానికొచ్చిన డాక్టరుగారికి కూడా చెప్పాను. ఆయన సూది పట్టుకుని ఆగి, "పెట్రోలుకి బదులాండీ?" అని అడిగాడు. నేను కాదనలేదు.

నోటిమాటైతే గాల్లో కలిసిపోతుంది. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి ముందే కొంత తగ్గించుకుంటాను. మజ్జిగ పోసింది పెట్రోలు ట్యాంకులో కాదు, రేడియేటర్లో. విజయవాడ నుంచీ కాదు, పామర్రు దాటాక. మిగతాదంతా నిజం. మిగతాదంటే ఎంత మిగిలిందో చివరికి మీరే చూసుకోండి.

డెబ్బైల మొదట్లో మాట ఇది. నాకప్పటికి ముప్ఫై నిండలేదు. వన్ టౌన్‌లో ఒక ఇనుప సామాన్ల హోల్‌సేలు కొట్లో గుమాస్తాని. గుమాస్తాకి కారేంటని మీకు అనుమానం రావచ్చు. మా వీధిలో అందరికీ వచ్చింది. షావుకారుగారి బావమరిది ఒకాయన ఆ కారుని వాడి వాడి, విసిగి, మా గోడౌన్లో మేకుల బస్తాల వెనక తోసేసి వెళ్ళాడు. ఎలకలు సీట్లలో పిల్లల్ని పెట్టాయి. చోటు ఖాళీ చేస్తానంటే తీసుకుపొమ్మన్నారు. అలా వచ్చింది నాకు. రెండు తలుపుల చిన్న కారు. మా వీధిలో మలుపు తిరగాలంటే పెద్ద కార్లు వెనక్కీ ముందుకీ ఆడాలి, ఇది మాత్రం మేకపిల్లలా తిరిగేది. తిరిగినప్పుడు.

దానికి లేనివి చెప్పడం తేలిక. హారన్ లేదు. ఎవరైనా అడ్డం వస్తే కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి తలుపు మీద దబదబా బాదేవాణ్ణి. ఇంజను వేడి చూపించే ముల్లు నా చేతికి రాకముందే పడుకుంది. ఎడమ తలుపు లోపల్నుంచి తెరుచుకోదు, కూర్చున్నవాళ్ళు అద్దం దించి, చెయ్యి బయటికి పోనిచ్చి, బయటి పిడి తిప్పుకుని దిగాలి. ఆడవాళ్ళకి గాజులు అడ్డం పడేవి.

ఉన్నవాటికి నేనే వైద్యుణ్ణి. ఇంజనుకి నిప్పురవ్వ అందించే పాయింట్లు మాడిపోతే అగ్గిపెట్టె పక్కనుండే గరుకుతో గీకేవాణ్ణి. కార్బరేటరు జెట్టులో నలక పడితే విప్పి నోటితో ఊదేవాణ్ణి, ఆ పూటంతా కాఫీ తాగినా పెట్రోలు రుచే. ట్యాంకు చెమరిస్తే బట్టల సబ్బు మెత్తగా నలిపి అద్దేవాణ్ణి. రేడియేటరు అతుకు దగ్గర కారడం మొదలుపెడితే అందులో గుప్పెడు పసుపు పోసేవాణ్ణి. పసుపు నీళ్ళతో పాటు తిరిగి తిరిగి, కారేచోట పేరుకుని, చిల్లిని పూడ్చేస్తుంది. మా ఆవిడ పసుపు డబ్బా ఎందుకు ఖాళీ అవుతోందో తెలియక పనిమనిషిని అనుమానించేది.

ఆటోనగర్లో మేస్త్రీకి ఒకసారి చూపిస్తే మూత తీసి లోపలికి చూశాడు. "ఇదేంటండీ, పేరంటం చేశారా ఇందులో?" అన్నాడు. పసుపు ముద్దలతో గొట్టాలు సగం మూసుకుపోయాయనీ, విప్పి కడిగించకపోతే ఎండల్లో నిలబడిపోతుందనీ చెప్పాడు. ఎండలు వెళ్ళాక చూద్దాంలెండి అన్నాను.

నా ధైర్యమంతా వెనక సీటు కింద ఉండేది. చేంతాడు కట్టిన రేకు డబ్బా. కృష్ణా డెల్టాలో కారుకోసం నీళ్ళు మోసుకెళ్ళేవాడంత వెర్రివాడు ఇంకోడుండడని నా సిద్ధాంతం. ఏ దారిన పోయినా పక్కనే కాలువ, కాలువ లేనిచోట పంటబోదె. ఇంజను వేడెక్కిందా, వంతెన మీద ఆపడం, డబ్బా వదలడం, నిండా తోడుకుని పొయ్యడం. కారు చేతికొచ్చిన వానాకాలం నుంచీ అలాగే నడిపాను, ఒక్కసారి మోసం జరగలేదు.

ఇక మా అక్క సంగతి. అక్క మంగళగిరిలో ఉండేది. బావగారికి ఉన్న పని పోయి ఏడాది పైనే అయింది. ఆయన పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికి వెళ్ళేవారు, ఎక్కడికో ఎవరూ అడిగేవాళ్ళం కాదు. అక్క టెలిఫోను ఆపరేటరు ఉద్యోగానికి పరీక్ష రాసి, సెలక్షనై, ట్రైనింగు కూడా చేసి, పోస్టింగు కోసం ఎదురుచూస్తోంది. ఆ ఉద్యోగానికి వయసు హద్దు ఒకటుంది. అక్క ఆ హద్దుని పట్టుకుని వేలాడుతోంది.

ఆర్డరు వచ్చింది. కాని అది వాళ్ళు ఖాళీ చేసిన పాత అద్దె ఇంటికి వెళ్ళి, అక్కడ గూట్లో నిద్రపోయి, ఆ ఇంటివాళ్ళకి గుర్తొచ్చాక అక్క చేతికి వచ్చింది. దివిసీమలో ఒక చిన్న ఊరి ఎక్స్‌ఛేంజీలో వేశారు. చేరడానికి ఆఖరి రోజు మర్నాడే. మర్నాడు సాయంత్రం అయిదింటికి ఆఫీసు మూసేలోపు వెళ్ళి సంతకం పెట్టకపోతే ఆ పోస్టు జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. మళ్ళీ పరీక్ష రాద్దామంటే వయసు దాటిపోతుంది.

ఈ సంగతి బావగారు మా కొట్టుకి ఫోను చేసి చెప్పారు. మర్నాడు పొద్దున నేను బస్టాండుకి వెళ్ళేసరికి అక్క బస్సులో కిటికీ పక్క సీట్లో కూర్చునుంది. ఒళ్ళో చేతిసంచి, సంచిలో ఆర్డరు, కాళ్ళ దగ్గర మరచెంబు నిండా మంచినీళ్ళు.

కిటికీ కింద నిలబడి, "దిగక్కా" అన్నాను.

"ఎందుకు?"

"కారుంది."

"కారుందని నాకూ తెలుసురా. అందుకే బస్సెక్కాను."

వెనక సీట్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో నాకు పంతం వచ్చింది. బస్సు ఊరూరా ఆగుతుందన్నాను. కోళ్ళబుట్టల మధ్య చెమటలు కక్కుతూ ఎప్పటికి చేరతావన్నాను. భోజనాల వేళకల్లా ఆఫీసు ముందు దింపుతానన్నాను. అవేవీ పనిచెయ్యలేదు. చివరికి, "కొత్త ఊరు, కొత్త ఉద్యోగం. కారులోంచి దిగితే ఆ గౌరవం వేరక్కా" అన్నాను.

గౌరవం అన్నమాట దగ్గర అక్క మొహం కొంచెం మారింది. ఏడాదిగా ఆ ఇంట్లో కరువైంది అదేకదా అని నేను లోపల్లోపల నన్ను నేను మెచ్చుకున్నాను. అక్క సంచీ మరచెంబూ తీసుకుని దిగింది.

కంకిపాడు దాటేదాకా కారు మర్యాదగా నడిచింది. నేను కబుర్లు చెబుతూనే ఉన్నాను. అక్క రెండు చేతులూ సంచి మీద పెట్టుకుని రోడ్డునే చూస్తోంది, ఆవిడే నడుపుతున్నట్టు.

ఉయ్యూరు ఇవతల ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఆ దగ్గు నాకు తెలుసు. ఎండకి పెట్రోలు పంపు కాలిపోతే లోపల పెట్రోలు ఆవిరైపోతుంది, కార్బరేటరుకి అందదు. దానికి మందు తడిగుడ్డ. పంపు మీద తడిగుడ్డ చుట్టి, చల్లబడేదాకా తడుపుతూ ఉండాలి. గుడ్డ ఉంది. నీళ్ళకి చుట్టూ చూస్తే అక్క మరచెంబు కనపడింది.

"అవి తాగే నీళ్ళురా."

"దారిలో ఎక్కడైనా తాగొచ్చక్కా. ఇది కృష్ణా డెల్టా."

పోశాను. గుడ్డ మీద పడ్డ నీళ్ళు సుయ్యిమని పొగలైపోయాయి. మళ్ళీ పోశాను. మరచెంబు ఖాళీ అయింది. స్టార్టరు లాగాను, పలకలేదు. ఇంకాస్త చల్లారాలి.

వెనకాల దుమ్ము లేచింది. ఆ బస్సే. అక్క దిగిపోయిన బస్సు.

ఇక్కడ ఒక విషయం. పెళ్ళి పందిళ్ళలో చెప్పే కథలో ఈ బస్సు ఉండదు. ఎందుకంటే ఆ బస్సుని చూసి అక్క చెయ్యెత్తింది. డ్రైవరు చూశాడు, వేగం తగ్గించాడు, కండక్టరు తలుపులోంచి వంగి చూశాడు. నేను అక్క చెయ్యి పట్టుకుని కిందికి దించాను. "ఒక్క నిమిషం, స్టార్టయిపోతుంది" అన్నాను. డ్రైవరు మేమేదో సరదాకి ఆపామనుకున్నాడేమో, గేరు మార్చి వెళ్ళిపోయాడు. అక్క కూర్చున్న కిటికీ దగ్గర ఇప్పుడొక తలపాగా పెద్దాయన కూర్చుని అరటిపండు తింటున్నాడు.

మళ్ళీ బస్సు పొద్దుగూకేవేళకి గాని లేదని మా ఇద్దరికీ తెలుసు. అక్క ఖాళీ మరచెంబుకి మూత బిగించి కాళ్ళ దగ్గర పెట్టుకుంది. తిట్టినా బావుండేది.

ఇంజను అంటుకుంది, చాలాసేపటికి. పామర్రు చేరేసరికి భోజనాల వేళ దాటిపోయింది. దివిసీమ వైపు తిరిగాం. ఆ రోడ్డున నీడ లేదు. ఎండ గాజులోంచి ఒళ్ళో పడుతోంది. నేను కబుర్లు ఎప్పుడు ఆపేశానో నాకే తెలీదు.

కాసేపటికి కారులో పులుసు వాసన మొదలైంది.

"ఎవరో వంట చేస్తున్నారు" అన్నాను.

"చుట్టూ ఇల్లేదిరా?" అంది అక్క.

పసుపు కాగుతున్న వాసన అది. మూత సందుల్లోంచి తెల్లటి ఆవిరి, తర్వాత పచ్చటి చుక్కలు అద్దం మీద. నేను గాభరా పడలేదు. ఎదురుగా వంతెన కనపడుతోంది. వంతెన మీద ఆపి, దర్జాగా వెనక సీటు కిందనుంచి డబ్బా తీసి, చేంతాడు మణికట్టుకి చుట్టుకుని, పిట్టగోడ మీంచి వదిలాను.

ఠంగుమంది.

ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. తొంగి చూస్తే కింద నీళ్ళు లేవు. అడుగున మట్టి బీటలు వారి, పెంకుల్లా లేచి ఉంది. వేసవిలో కాలువలు కట్టేస్తారని ఈ జిల్లాలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. కాని బెజవాడ ఊళ్ళో కాలువలు కట్టేసినా మడుగుల్లో నీళ్ళు నిలిచే ఉంటాయి, రోజూ వాటిని చూస్తూ తిరుగుతున్నాను. పైగా కారు వచ్చాక కాలువలు కట్టేసింది ఇదే మొదటిసారి. తెలిసిన సంగతీ, నా డబ్బా సిద్ధాంతమూ, రెండూ ఒకదానికొకటి ఎదురుపడింది ఆ వంతెన మీదే.

కాలువ అడుగున పూడిక తీస్తున్నారు. ఆడా మగా తట్టలతో మట్టి ఎత్తి ట్రాక్టరు తొట్టిలో పోస్తున్నారు. నా డబ్బా వాళ్ళ పక్కనే పడింది. ఒకతను దాన్ని పైకెత్తి చూపించి, "ఏం తోడతారు బాబుగారూ, మట్టా? తట్ట ఇమ్మంటారా?" అన్నాడు. అందరూ పని ఆపి నవ్వారు.

వంతెన అవతల తాటాకు పందిరి ఉంది. చలివేంద్రం. ఇసకలో ఎర్ర కుండలు, పక్కన నల్లటి కాగు, బల్ల మీద ఒకావిడ. మా అమ్మ వయసుంటుంది. బాటసారులకి నీళ్ళు పోసే పని ఆ వేసవికి ఆవిడ తీసుకుంది. ఊరి మంచినీళ్ళ చెరువు నుంచి తనే మోసుకొస్తుంది. మేం వెళ్ళగానే అడక్కుండానే ఇద్దరికీ పోసింది. అక్క దోసిలి నిండా తాగింది, మొహం కడుక్కోలేదు. ఆ నీళ్ళ విలువ అక్కకి అర్థమైంది. నాకు కాలేదు.

"రెండు కుండలు ఇప్పించండమ్మా, కారుకి" అన్నాను.

"కారుకా?"

"వేడెక్కింది."

"మనిషికైతే ఎన్ని ముంతలైనా పోస్తాను బాబూ. బండికి పొయ్యను. చెరువులో నీళ్ళు మోకాటి లోతుకి దిగాయి. కాలువ వదిలేదాకా ఊరంతా వాటితోనే బతకాలి. ఒకళ్ళ బండికి పోస్తే రేపు లారీ ఆగుతుంది."

ఆవిడ చెప్పింది న్యాయమే. న్యాయంతో నాకు పనిలేని సమయం అది. ఎండ పందిరి లోపలికి వాలుతోంది. నేను గొంతు తగ్గించి, అక్కని చూపిస్తూ, "ఆవిడ డాక్టరండీ. అవతల ప్రాణం మీదికొచ్చిన కేసు" అన్నాను.

ఆవిడ వెంటనే లేచింది. కుండ దగ్గరికి కాదు, అక్క దగ్గరికి. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి, "డాక్టరమ్మా, ఈ మోకాలు చూడు తల్లీ, మూడేళ్ళనుంచీ వాపు" అంది.

అక్క ఆ మోకాలి వంకా, నా వంకా చూసింది. "నేను డాక్టర్ని కాదమ్మా. ఇతను నా తమ్ముడు. అబద్ధాలాడతాడు" అంది.

ఆవిడ కుచ్చిళ్ళు సవరించుకుని, వెళ్ళి కుండల ముందు కూర్చుంది. కుండలకీ నాకూ మధ్య.

తర్వాత అక్కే చెప్పింది ఆవిడతో ఉన్నదున్నట్టు. ఉద్యోగం, ఆర్డరు, అయిదు గంటలు, వయసు. బావగారి సంగతి చెప్పలేదు. ఆవిడ అంతా విని, "పాపం" అంది. అయినా నీళ్ళివ్వలేదు. "ఊరి నీళ్ళు తల్లీ, నావైతే ఇద్దును" అంది.

"ఇంకెంత దూరముంటుందమ్మా?" అని అక్క అడిగింది.

"రోడ్డున పోతే చుట్టు తిరగాలి. కాలువ వెంట పోతే దగ్గరే."

ఆ మాట అప్పుడు నేను పట్టించుకోలేదు. నా కళ్ళు నల్ల కాగు మీదున్నాయి. అందులో ఏముందని అడిగాను. ఊళ్ళో ఒక పెద్దింటివాళ్ళు రోజూ మధ్యాహ్నం బాటసారులకి మజ్జిగ పంపుతారట. ఆ రోజుది ఎవరూ తాగక మిగిలిపోయింది, ఎండకి పులిసిపోయింది. సాయంత్రం గేదెల కుడితిలో పొయ్యాల్సిందే.

"అది ఇస్తారా?"

ఆవిడ నన్ను పైకీ కిందికీ చూసింది. "దేనికి?"

"తాగడానికి" అన్నాను. కారు తాగుతుందని చెప్పలేదు, అంతే.

కాగు ఎత్తుకుని కారు దగ్గరికి వెళ్ళాను. రేడియేటరు మూత మీద గుడ్డేసి తిప్పబోతే ఆవిరి ఎగదన్ని చెయ్యి కాలింది. ఆ మచ్చ ఇదిగో, బొటనవేలి మొదట్లో. దీన్ని యుద్ధంలో తగిలిందని కొందరికి చెప్పాను, అది వేరే సంగతి. చెయ్యి ఊదుకుంటూ, ఇంజను చల్లారేదాకా కారు చుట్టూ తిరిగాను. చల్లారకముందే పోస్తే ఇంజను పగులుతుంది, చల్లారేదాకా ఆగితే అక్క ఉద్యోగం పోతుంది. ముట్టుకు చూడటం, చెయ్యి వెనక్కి తీసుకోవడం. తాటాకు నీడ బల్ల కింద నుంచి రోడ్డు అంచుకి పాకుతోంది. నేను దాన్ని చూడకూడదనుకుంటూ దాన్నే చూశాను.

ఇక ఆగలేక పోశాను. కొంచెం కొంచెంగా, ఉగ్గుపాలు పోసినట్టు. లోపల గుడగుడమంది. స్టార్టరు లాగితే ఇంజను అంటుకుంది. పసుపు ముందే ఉంది, మజ్జిగ ఇప్పుడు కలిసింది, కింద మంట సరేసరి. పని ఆపి పైకొచ్చి, పిట్టగోడ మీద చేతులు పెట్టుకుని చూస్తున్న పూడిక పనివాళ్ళలో ఒకావిడ, "బాబుగారూ, కాసిని కరివేపాకు కూడా వెయ్యండి" అంది. వంతెన మొత్తం నవ్వింది. వాసన అంత ఖచ్చితంగా ఉంది మరి. మా ఇంట్లో కూడా అంత కమ్మటి వాసన ఎప్పుడూ రాలేదు.

బండి కదిలింది.

ఎలా కదిలిందంటే, కొత్త కారు కూడా అంత మెత్తగా నడవదు. దివిసీమ దాకా ఆగలేదని పందిళ్ళలో చెబుతాను. అది కొంచెం పొడిగింపు. రెండు మైళ్ళు పోయేసరికి మజ్జిగ విరిగింది. విరుగుడు నీళ్ళు మూతలోంచి తన్నుకొచ్చి అద్దమంతా తెల్లగా అయింది. గొట్టాల్లో పసుపుతో పెరుగు గడ్డ కట్టింది. ఆగడం, కాగులో మిగిలింది పొయ్యడం, కదలడం. ఆ దారంతా అక్క నా పక్కన ఒక్క మాట కూడా మాట్లాడలేదు. రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. ఊరి పొలిమేరలోకి వచ్చేసరికి ఎండ పసుపుపచ్చగా మారింది. ఎక్స్‌ఛేంజీ ముందు అటెండరు తలుపు దగ్గరికి లాగి తాళం కప్ప చేతిలోకి తీసుకుంటున్నాడు. నేను హారన్ కొట్టాను. గట్టిగా, ఆపకుండా కొట్టాను. అతను తాళం పట్టుకుని అలాగే తిరిగి చూశాడు. అక్క దిగి, లోపలికి వెళ్ళి సంతకం పెట్టింది.

అక్కడితో కథ అయిపోయింది. మొన్న ఆదివారం ఇంతవరకూ రాసింది తీసుకెళ్ళి అక్కకి చదివి వినిపించాను.

అక్క ఆ ఉద్యోగంలోనే ఉండి రిటైరైంది. ఏళ్ళ తరబడి ట్రంక్ కాల్స్ కలిపిన మనిషి. ఎవరైనా ఎక్కువసేపు మాట్లాడితే, "టైమైపోయింది, పొడిగించాలా?" అని అడగడం ఇప్పటికీ అలవాటు. ఆ రోజు మాత్రం అడగలేదు. కళ్ళు మూసుకుని మొత్తం వింది. నేను కాగితాలు మడిచాక కళ్ళు తెరిచింది.

"హారనా?" అంది.

"ఏం?"

"ఆ కారుకి హారనెక్కడిదిరా? మొదటి పేజీలో నువ్వే లేదని రాశావు."

నిజమే. అబద్ధం మధ్యలో పడి రాసింది మర్చిపోయాను. "సరే, తలుపు మీద బాదానని మారుస్తాను" అన్నాను.

"ఏం మార్చకు. బండి కదిలింది అన్న దగ్గర్నుంచి మొత్తం కొట్టెయ్."

నేను కాగితాలు మళ్ళీ విప్పి ఆ వాక్యం వెతికాను.

"ఇన్నేళ్ళూ పోనీలే అని ఊరుకున్నాను. మీ బావ ఉన్నన్నాళ్ళూ ఆ కథ నీచేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని నవ్వేవారు, అందుకని. ఇప్పుడు అచ్చేస్తానంటున్నావు. నలుగురూ చదువుతారు. ఆ కారు వంతెన దగ్గర్నుంచి కదల్లేదు. నువ్వు మజ్జిగ పోశావు, ఇంజను ఒక నిమిషం మొత్తుకుంది, ఆగిపోయింది. మళ్ళీ అంటుకోలేదు."

"దారంతా నువ్వు మాట్లాడలేదని రాశాను కదా, అది…"

"నేను లేనుగా, మాట్లాడ్డానికి. నువ్వు రేడియేటర్లో తల పెట్టి ఉంటే నేను కాలువలోకి దిగాను. ట్రాక్టరు అప్పుడే నిండింది. మట్టి ఎక్స్‌ఛేంజీ ఉన్న ఊళ్ళోనే ఎవరిదో దొడ్డి మెరక వెయ్యడానికి పోతోందని చలివేంద్రం ఆవిడే కనుక్కుని చెప్పింది. తొట్టిలో మట్టి మీద కూర్చున్నాను. కొంత దూరం కాలువ అడుగునే పోయింది, ఆ తర్వాత గట్టెక్కింది. నీళ్ళుంటే దారే లేదు. నీకు చెప్పే వెళ్ళాను, 'వెళ్తున్నానురా' అని. నువ్వు తలెత్తకుండా 'ఆఁ ఆఁ, అయిపోయింది' అన్నావు."

అది నాకు గుర్తుంది. గుర్తు లేనట్టు మొహం పెట్టాను.

"బస్సు దిగింది కూడా గౌరవం కోసం కాదు. అందరి ముందూ నువ్వు బతిమాలుతుంటే నాకు సిగ్గేసింది. ఆఫీసులో మోకాళ్ళ దాకా మట్టితో నిలబడి సంతకం పెట్టాను. ఎందులోంచి దిగావని ఎవరూ అడగలేదు. అటెండరు తాళం వెయ్యడం లేదు, కుర్చీలో నిద్రపోతున్నాడు."

"మరి తిరిగి ఎలా వచ్చావు?" అన్నాను. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న నేను అడగలేదని అప్పుడే తోచింది.

"రెండ్రోజులాగి డ్యూటీకి రమ్మన్నారు, సామాన్లు తెచ్చుకోమని. సాయంత్రం బస్సెక్కాను. వంతెన దగ్గరికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. కారు మూత ఎత్తే ఉంది. నువ్వు పందిట్లో బల్ల మీద కూర్చుని ఆవిడకి చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నావు. ఆవిడ నీకు అన్నం పెట్టింది, విస్తరాకు నీ ఒళ్ళోనే ఉంది."

"చూశావా నన్ను?"

"చూశాను. బస్సు ఆపమనలేదు."